పెద్దలు కూర్చుండే చోటు

పెద్దల మాట చద్దిమూట అని మనవారు చెప్పుకున్నారు. ఆ మూట విప్పడానికి ఒక చెట్టునీడ ఉండవలెనని, విప్పినది పంచుకొనడానికి పక్కన నలుగురు ఉండవలెనని ఆ సామెతలో లేదు. ఆనాడు అట్లా చెప్పవలసిన అవసరం కనబడి ఉండదు. ఊరి నడుమ రచ్చబండ, ఇంటి ముందు వీధి అరుగు, గుడి ముందు మండపం, చెరువు గట్టున మర్రిచెట్టు, ఇవన్నీ ఎవరూ పనిగట్టుకొని పథకం వేయకుండానే వయసు మళ్ళినవారికి పొద్దుపుచ్చే తావులుగా ఉండేవి. నేడు ఇండ్లు లోపలికి తిరిగినవి. అరుగులు కొన్ని వీధి వెడల్పులో పోయినవి, కొన్ని వాహనాలు నిలుపుకొనే చోట్లుగా మారినవి. పట్టణాలలో అంతస్తు మీద అంతస్తు లేచినది. ఇంటిలోని పెద్దవారికి గది ఉన్నది, మంచం ఉన్నది, మందుల పెట్టె ఉన్నది. నలుగురితో కలిసి కూర్చుండే చోటు మాత్రం కరవైనది.

2011 జనగణన ప్రకారం మన దేశంలో 60 ఏండ్లు దాటినవారు సుమారు 10 కోట్ల 38 లక్షల మంది. వారిలో స్త్రీలు పురుషులకంటె కొంత ఎక్కువ. ప్రతి పదిమందిలో ఏడుగురు పల్లెలలోనే ఉన్నారు. వీరి పోషణ నిమిత్తం 2007లో తల్లిదండ్రుల, వయోధికుల సంక్షేమ చట్టం వచ్చినది. తిండి, బట్ట, నివాసం, వైద్యం పోషణలో చేరుతవని ఆ చట్టం చెప్పుతున్నది. ఇవి నాలుగూ లేనివాడు అడగడానికి చట్టం దారి చూపినది. కాని కబుర్లు చెప్పుకొనడానికి తోడు కావలెనని ఏ న్యాయస్థానంలోనూ దావా వేయలేము. తోటివారిని చట్టంతో తెప్పించలేకపోయినా, తోటివారు కలిసే చోటును మాత్రం మన చేతులతో కట్టగలము. ఆ చోటు ఎట్లా ఉండవలె నన్నదే మేము ఇక్కడ విచారింపదలచిన విషయం.

కాలక్షేపం అన్న మాటను మనము ఈ రోజులలో తేలికగా వాడుతున్నాము. పని లేనివాని పని అన్న అర్థం దానికి అంటుకున్నది. హరికథా కాలక్షేపం, పురాణ కాలక్షేపం అన్న మాటలను తలచుకుంటే ఆ శబ్దానికి ఒకప్పుడున్న గౌరవం తెలుస్తుంది. నలుగురూ ఒకచోట చేరి, మనసుకు పట్టినదానిలో పొద్దు గడపడం దాని అర్థం. కనుక వృద్ధుల కాలక్షేప స్థలం ఎంత బాగున్నదో కొలవడానికి మేము ఒక్క ప్రమాణాన్ని సూచిస్తాము. రోజూ వచ్చే మనిషి ఒక సాయంత్రం రాకపోతే, “ఇవాళ వారు రాలేదేమి?” అని అడిగేవారు అక్కడ ఉన్నారా? ఉన్నట్లయితే అది మంచి చోటు. లేనట్లయితే ఎంత పాలరాయి పరచినా, ఎన్ని పూలమొక్కలు పెట్టినా అది కేవలం ఖాళీ జాగా. తక్కిన కొలతలన్నీ ఈ ప్రశ్నకు లోబడినవే.

ముందుగా మన రచ్చబండనే పరీక్షింతాము. రావిచెట్టును, వేపచెట్టును పక్కపక్కన నాటి, వాటికి పెండ్లి చేసి, చుట్టూ రాతి అరుగు కట్టడం మన పల్లెలలో వాడుక. ఆ అరుగు ఊరికి దూరంగా, ప్రశాంతమైన మూలలో ఉండదు. పొలానికి పోయే దారి, గుడికి పోయే దారి, అంగడికి పోయే దారి కలిసే చోటనే ఉంటుంది. అక్కడ కూర్చున్న ముసలివాని ముందునుంచి ఊరంతా నడిచిపోతుంది. ఎద్దులను తోలుకొని పోయేవాడు పలుకరిస్తాడు. బస్సు దిగినవాడు పట్నపు వార్త చెప్పిపోతాడు. అరుగు మోకాలి ఎత్తున ఉంటుంది గనుక కూర్చొనడం, లేవడం సులభం. ఎవరి అనుమతీ అక్కరలేదు, రుసుము లేదు, వచ్చిన కారణం చెప్పవలసిన పని లేదు. ఇవి రచ్చబండ సుగుణాలు.

దాని లోపాన్ని కూడ దాచవలసిన పని లేదు. రచ్చబండ ఊరందరిదన్న మాట పూర్తిగా నిజం కాదు. స్త్రీలు అక్కడ కూర్చొనలేదు. దళితులను ఆ అరుగు ఎక్కనిచ్చినవారు కారు. చెట్టు నీడ అందరి మీద పడినా, అరుగు కొందరికే దక్కినది. కనుక నేడు మనము కట్టే చోటుకు రచ్చబండ పేరు పెట్టి తృప్తిపడితే చాలదు. దాని సుగుణాలను గ్రహించి, ఆ లోపాన్ని విడిచిపెట్టవలె. నలుదారుల కూడలిలో ఉండడం, కూర్చొనడానికి వీలుగా ఉండడం, ఎవరినీ ఎందుకు వచ్చావని అడగకపోవడం, ఈ మూడింటిని తీసుకొని అందరికీ పంచవలె.

మొదటి మెట్టు రావడం. పెద్దవారి లోకం వారి కాళ్ళు మోసుకొనిపోగలిగినంత మేరకే వ్యాపిస్తుంది. ఊరి చివర పది ఎకరాల ఉద్యానవనం ఉన్నదంటే, కారు ఉన్న ఇంటి పెద్దకే అది ఉన్నట్లు. తక్కినవారికి నాలుగు వీధులకు ఒక చిన్న జాగా మేలు. నాలుగు బెంచీలు, రెండు చెట్లు, ఒక కుళాయి పట్టే స్థలం దొరికినా చాలును. ఇంటి నుంచి అక్కడకు నడిచే దారిలో కూడ ముప్పై నలభై మీటర్లకు ఒకచోట కూర్చొనే తిన్నె ఉండవలె. మోకాళ్ళ నొప్పి గలవాడు మొత్తం దూరాన్ని లెక్కపెట్టడు. తరువాత ఆగే చోటు ఎంత దూరమో లెక్కపెట్టుకుంటాడు.

ఇక ద్వారం. పశువులు, మోటారు సైకిళ్ళు లోపలికి రాకుండా చాలా ఉద్యానవనాలకు ఒక్కొక్కరుగా మెలికతిరిగి దూరవలసిన ఇనుప కటకటాలు పెట్టుతారు. వాటి గుండా చేతికర్రతో పోవడం కష్టం, చక్రాల కుర్చీతో పోవడం అసాధ్యం. పక్కన 90 సెంటీమీటర్ల వెడల్పు గల మరొక దారి వదలవలె. మెట్లు ఉన్నచోట వాలుబాట కూడ ఉండవలె. ఈ వాలుబాటకు అందరూ అంగీకరించిన లెక్క ఒకటి ఉన్నది: అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు. స్థలం చాలలేదని ఆరడుగులలో ముగించిన వాలుబాట బస్తాలు దించుకొనడానికి పనికివస్తుందే కాని మనిషి ఎక్కడానికి పనికిరాదు. రెండు వైపులా చేతికి అందే ఎత్తున పట్టుకమ్మి ఉండవలె.

65 ఏండ్లు దాటినవారిలో సుమారు మూడవవంతు మంది ఏడాదికి ఒకసారైనా జారో, తొట్రుపడో పడిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఒక్కసారి పడినవాడు ఎముక విరగకపోయినా, ఆ భయంతో గడప దాటడం మానుకుంటాడు. నున్నగా మెరుగుపెట్టిన రాయి తడిసినప్పుడు ఎంత ప్రమాదమో మనకు తెలియనిది కాదు. బాటకు గరుకుగా ఉండే బండలు పరచి, సందులు సమంగా పూడ్చవలె. రావిచెట్టు వేళ్ళు బండలను పైకి లేపుతవి కనుక దాని మొదటికి ఆనించి బాట వేయరాదు. బాట మీదికి నేరేడు కొమ్మ వాలరాదు. పండ్లు రాలే రోజులలో ఆ బాట మీద పడుచువారికే కాలు నిలవదు. నీడకు వేప, కానుగ మనకు చిరకాలంగా పరిచయమున్న చెట్లు.

కంటి సంగతి కూడ ఇక్కడే చెప్పవలె. 20 ఏండ్ల కంటిలోని లోపలి పొరను చేరే వెలుతురులో దాదాపు మూడవవంతు మాత్రమే 60 ఏండ్ల కంటిలో ఆ పొరను చేరుతుందని నేత్రశాస్త్రజ్ఞులు చెప్పుతారు. పడుచువానికి సంధ్యవేళగా కనబడేది పెద్దవానికి చీకటి. అందుకని పెద్ద పెద్ద దీపాలు ఎత్తున వ్రేలాడదీస్తే ఆ మెరుపుకు కన్ను మరింత చెదరుతుంది. దీపాలు తక్కువ ఎత్తున, ఎక్కువ సంఖ్యలో, వెలుగు నేలమీదికి పడేటట్లు మూతలతో ఉండవలె. మెట్టు అంచుకు పసుపుపచ్చ రంగు గీత గీస్తే మెట్టు ఎక్కడ ముగిసినదో తెలుస్తుంది. దీనికి అయ్యే ఖర్చు ఒక రంగుడబ్బా.

రెండవ మెట్టు కూర్చొనడం. మన ఉద్యానవనాలలో దాత పేరు చెక్కిన సిమెంటు బెంచీ అందరికీ తెలిసినదే. దాత ఔదార్యం మెచ్చదగినదే. కాని ఆ బెంచీకి చేతులు ఉండవు. కొన్నిటికి వీపు కూడ ఉండదు. ముసలితనంలో కూర్చొనడం కష్టం కాదు, లేవడం కష్టం. లేచేటప్పుడు మనిషి రెండు చేతులతో దేనినో ఊని, పాదాలను వెనుకకు లాగుకొని, ముందుకు వంగి లేస్తాడు. కనుక బెంచీకి ఊనుకొనే చేతులు కావలె, కింద పాదాలు వెనుకకు జరపడానికి ఖాళీ కావలె, సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తు కావలె. గోడవలె కింద మూసుకొనిపోయిన బెంచీ చూడడానికి బలంగా ఉంటుందే కాని లేవనివ్వదు. కడప బండ పలక పరచిన తిన్నె మే నెలలో సాయంత్రం ఆరు దాటినా కాలుతూనే ఉంటుంది. కూర్చొనే భాగానికి చెక్క మేలు.

మన పెద్దలలో చాలామంది, ముఖ్యంగా స్త్రీలు, కాళ్ళు వ్రేలాడదీసి కూర్చొనడానికి అలవాటుపడినవారు కారు. బాసిపట్టు వేసుకొని, లేదా ఒక కాలు మడుచుకొని కూర్చుంటారు. వారికి సన్నని బెంచీ పనికిరాదు. వీధి అరుగువలె వెడల్పుగా, గోడకు వీపు ఆనేటట్లు, కాళ్ళు మడుచుకొనడానికి చోటు ఉండేటట్లు ఒక తిన్నె కట్టవలె. పరదేశపు పటం చూసి కట్టినవారికి ఈ సంగతి తోచదు. మన ఇంటి అరుగును చూచినవారికి తోస్తుంది.

మరుగుదొడ్డి లేని చోటుకు పెద్దవారు వచ్చినా అరగంటకంటె ఉండలేరు. ఈ మాట వారు పైకి చెప్పరు. ఇంటిలో పని ఉన్నదని లేచిపోతారు. మరుగుదొడ్డి దగ్గరగా, మెట్టు లేకుండా, ఆనుకొనే కమ్మితో, కూర్చొనే పీటతో ఉండవలె. తలుపు బయటికి తెరుచుకొనవలె. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకొనే తలుపును వారి శరీరమే అడ్డగిస్తుంది. దీనితోపాటు తాగునీటి కుళాయి. ఈ రెండూ లేని ఉద్యానవనంలో పూలమొక్కల నిమిత్తం వ్యయం చేయడం న్యాయం కాదు.

మూడవ మెట్టు మాట్లాడుకొనడం. చక్కగా వచ్చి, సుఖంగా కూర్చున్నవారు పక్కవారితో మాట్లాడకుండానే లేచిపోవచ్చును. ఇందుకు మనుషుల స్వభావం కారణమని మనము అనుకుంటాము. కుర్చీల అమరిక కూడ కారణమేనని చూపిన ఒక ప్రయోగం ఉన్నది. 1950ల దశకంలో కెనడా దేశపు సస్కాచెవాన్ రాష్ట్రంలోని ఒక ఆసుపత్రిలో హంఫ్రీ ఆస్మండ్ అనే వైద్యుడు, రాబర్ట్ సోమర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పనిచేస్తూ ఉండేవారు. అక్కడ వృద్ధ స్త్రీల విభాగాన్ని బాగుచేసి, కొత్త రంగులు వేసి, కొత్త కుర్చీలు తెప్పించినారు. గది కళకళలాడినది, అందులోని స్త్రీలు మాత్రం నోరు విప్పలేదు. కుర్చీలన్నీ గోడల వెంబడి వరుసగా ఉన్నవి. పక్కవారితో మాట్లాడవలెనంటే మెడ తిప్పవలె. ఎదుటివారితో మాట్లాడవలెనంటే గది అవతలికి అరవవలె.

సోమర్ గది మధ్యకు చిన్న చిన్న చదరపు బల్లలు తెచ్చి, వాటి చుట్టూ కుర్చీలు వేయించినాడు. మొదట ఇది ఎవరికీ నచ్చలేదు. కొందరు తమ కుర్చీలను మరల గోడకు చేర్చుకున్నారు. ఊడ్చేవారికి, పరిచారికలకు కూడ పాత వరుసే సౌకర్యంగా తోచినది. అయినా కొన్ని వారాలపాటు కొత్త అమరికను నిలబెట్టి లెక్క తీసినప్పుడు వారి సంభాషణలు గణనీయంగా పెరిగినట్లు తేలినది. బల్లల మీద ఉంచిన పత్రికలను చదవడం కూడ ఎక్కువైనది. ఈ ఫలితాలు 1958లో ప్రకటితమైనవి. మనుషులు మారలేదు, మందు మారలేదు, కుర్చీలు తిరిగినవి. ఎదురెదురుగా కూర్చున్నవారికంటె, పక్కపక్కన కూర్చున్నవారికంటె, బల్ల మూలకు ఇటూ అటూ కూర్చున్నవారు ఎక్కువగా మాట్లాడుకుంటారని కూడ సోమర్ గమనించినాడు.

మన సంఘ భవనాలలోకి తొంగిచూస్తే గోడల వెంబడి ప్లాస్టిక్ కుర్చీలు, ఒక చివర టెలివిజన్ కనబడుతవి. ఉద్యానవనాలలో బెంచీలు బాట వెంబడి ఒకే వరుసలో, అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటవి. అదనపు ఖర్చు లేకుండానే వీటిని సవరింపవచ్చును. రెండు బెంచీలను మూలమట్టంగా కలిపి వేయడం, నలుగురు ఆరుగురు కూర్చునే బల్లలు వేయడం, అటూ ఇటూ జరుపుకొనే తేలిక కుర్చీలు కొన్ని ఉంచడం చాలును. కుర్చీని తన ఇష్టప్రకారం జరుపుకొనగలిగిన మనిషికి ఆ చోటు తనదన్న భావం కలుగుతుంది.

చెవిని కూడ మరువరాదు. వయసుతోపాటు ముందుగా తగ్గేది సన్నని ధ్వనులను వినే శక్తి. మాటలోని అచ్చులు వినబడుతవి. స, ష, త, ప వంటి హల్లులు జారిపోతవి. పప్పు అన్నది తప్పు అని వినిపిస్తుంది. నవ్వుల పాలవుతానేమోనన్న సంకోచంతో అట్టివాడు క్రమంగా మాట్లాడడమే మానుకుంటాడు. బండ నేల, సిమెంటు కప్పు, ఖాళీ గోడలు గల హాలులో మాట ప్రతిధ్వనించి ఇది మరింత కష్టమవుతుంది. గోడలకు వెదురు తడికలు, కిటికీలకు మందపు తెరలు, నేలమీద కొబ్బరిపీచు చాపలు వేస్తే మోత తగ్గుతుంది. మూల మూలకు లౌడుస్పీకరు పెట్టి భక్తిగీతాలు వినిపించడం సదుద్దేశంతో చేసే పనే అయినా, సంభాషణకు అది పరమశత్రువు.

ఇక నాలుగవ మెట్టు, అన్నిటికంటె ముఖ్యమైనది: అక్కడ ఒకరికి ఒకరు అవసరమయ్యే పని ఏదైనా ఉండడం. జపాను దేశంలో గేట్‌బాల్ అనే ఆట ఉన్నది. ఉత్తర ద్వీపమైన హొక్కైడోలో 1947లో దానిని పిల్లల కోసం కల్పించినారు. తరువాత పెద్దవారే ఆ ఆటను తమదిగా చేసుకున్నారు. కొయ్య సుత్తితో బంతిని చిన్న ద్వారాల గుండా కొట్టడమే ఆట. పరుగు లేదు, బలంతో పని లేదు, అరగంటలో ముగుస్తుంది. జట్టుకు ఐదుగురు ఉండవలె. ఆ ఐదు అన్న సంఖ్యలోనే ఆట మర్మం ఉన్నది. ఒకరు రాకపోతే తక్కిన నలుగురూ వారి కోసం ఎదురుచూస్తారు. మేము మొదట చెప్పిన ప్రశ్నను ఆ ఆట తనంతట తానే అడుగుతున్నది.

మనకు ఆ ఆటే కావలెనని మా భావం కాదు. పులిజూదం, వామనగుంటలు, అష్టాచెమ్మా, చదరంగం మన పెద్దలకు తెలిసినవే. పాత ఆలయ మండపాల బండల మీద పులిజూదపు గీతలు నేటికీ కనబడుతవి. ఆ గీతలు చెక్కినవారు మండపం ఎందుకు కావలెనో తెలిసినవారు. కొత్తగా వేసే బల్లల మీద ఈ గీతలను చెక్కించడానికి పెద్ద వ్యయం కాదు. ఆటలో ఆసక్తి లేనివారికి మొక్కలకు నీరు పోయడం, పత్రికలు సర్ది పెట్టడం, బడి పిల్లలకు ఎక్కాలు అప్పచెప్పించడం, పూలు కట్టడం, వత్తులు చేయడం వంటి పనులు ఉండవలె. చేయి ఆడుతున్నప్పుడు మాట తానే వస్తుంది. ఆ పనికి ఒక రోజు తాను రాకపోతే లోటు కనబడుతుందన్న ఎరుక మనిషిని గడప దాటిస్తుంది.

రేడియో ఉన్న ఇండ్లవారికి ఈ సందర్భంలో ఒక పాత అనుభవాన్ని జ్ఞాపకం చేస్తాము. 1956లో పూనా ప్రాంతంలోని సుమారు 150 గ్రామాలలో రేడియో గ్రామీణ గోష్ఠులు నడిపినారు. ఇరవై మంది ఒకచోట చేరి ప్రసారం విని, విన్నదానిని చర్చించి, తమ సందేహాలను కేంద్రానికి వ్రాసేవారు. అవి రైతుల కోసం ఏర్పడినవి. అయినా ఆ పద్ధతి పెద్దలకు ఎంతో తగినది. గదిలో ఒంటరిగా ఉన్నవారికి రేడియో మంచి తోడే. కాని రేడియో మాట్లాడుతుంది, వినదు. పాట ముగిసిన తరువాత “ఈ రాగమే కదూ!” అనడానికి పక్కన ఒక మనిషి ఉండవలె. రోజుకు ఒక గంట, ఒక కార్యక్రమం, పదిమంది శ్రోతలు, తరువాత రేడియో ఆపివేసి చర్చ. ఇంతకంటె చౌకైన కాలక్షేపం మాకు తోచలేదు.

స్త్రీల విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. వృద్ధులలో వారే ఎక్కువ. వారిలో భర్తను కోల్పోయినవారు చాలామంది. పురుషుడు ఉద్యోగం విరమిస్తాడు. స్త్రీకి వంటిల్లు విరమణ ఇవ్వదు. ఊరకే పోయి కూర్చొనడం ఆమెకు తప్పుగా తోచేటట్లు పెంచినారు. గుడికనో, మనుమని ఆడించడానికనో కారణం ఉంటేనే బయటికి వస్తుంది. అట్లాగయితే ఆ కారణాన్ని మనము కల్పింతము. పిల్లల ఆటస్థలానికి పక్కనే, పిల్లవాడు కంటికి కనబడే దూరంలో నీడలో వెడల్పు తిన్నె కట్టితే అమ్మమ్మలు, నాయనమ్మలు అక్కడ కలుస్తారు. పెద్దల జాగాను ప్రశాంతత పేరుతో పిల్లలకు దూరంగా పెట్టడం మాకు మంచిదిగా తోచదు. పింఛనుదారుల సంఘ భవనాలు మంచి పని చేస్తున్నవి. కాని జీవితమంతా జీతం లేకుండా ఇంటిలో చాకిరి చేసిన ఆమెకు, కూలి చేసిన అతనికి పింఛనుదారు అన్న పేరు లేదు. ఆ తలుపు వారికి కూడ తెరచి ఉండవలె.

మన ప్రాంతంలో మరొక సంగతి ప్రాణానికి సంబంధించినది. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ కలిపి రెండు వేలకు పైగా మంది మరణించినారు. వారిలో ముసలివారు, ఎండలో కూలి చేసేవారు ఎందరో. రేకుల కప్పు కింద ఒంటరిగా పడి ఉన్న మనిషికి వడదెబ్బ తగిలినదని సాయంత్రం దాకా తెలియదు. చాలా ఉద్యానవనాలు ఉదయం పది కాకుండానే తలుపు మూసుకుంటవి. ఎండ చల్లారిన తరువాత తెరుస్తారు. చల్లని చోటు ఎక్కువ అవసరమైన వేళనే తాళం పడుతున్నది. ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు, చుట్టూ పంచ, చల్లని మంచినీరు గల ఒక శాల మధ్యాహ్నం తెరచి ఉంటే అది కాలక్షేపంతోపాటు ప్రాణరక్షణ కూడ చేస్తుంది. రోజూ వచ్చేవారు రాకపోతే అడిగే అలవాటు అట్టి రోజులలోనే అన్నిటికంటె అక్కరకు వస్తుంది.

ఇన్ని కొత్త శాలలు ఎక్కడ కట్టగలమని ఎవరైనా అడుగవచ్చును. అన్నిటినీ కొత్తగా కట్టనక్కరలేదు. తెలుగుదేశంలో గ్రంథాలయోద్యమం పెద్ద సంపదను మనకు అప్పగించినది. హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901లో, వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918లో ప్రజల పూనికతోనే పుట్టినవి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్నును వసూలు చేయడానికి ఏర్పాటు చేసినది. అనగా ఈ పెద్దలు తమ జీవితకాలమంతా ఆ భవనాల నిమిత్తం పన్ను కట్టినవారే. శాఖా గ్రంథాలయానికి ఒక వాలుబాట, పెద్ద అక్షరాల పుస్తకాలు కొన్ని, మాట్లాడుకొనడానికి పఠనశాలకు వేరుగా ఒక పంచ, మధ్యాహ్నం తెరచి ఉంచే కొన్ని గంటలు చేర్చితే అది ఆ వార్డు పెద్దలందరికీ చోటవుతుంది. సెలవు రోజులలో బడి వరండా, ఉత్సవాలు లేనప్పుడు కల్యాణ మండపం కూడ ఇట్లాగే ఉపయోగపడగలవు.

పథకం వేయడానికి ముందు ఆ పెద్దలనే అడగడం అన్నిటికంటె అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వృద్ధులకు అనుకూలమైన నగరాలను గురించి ఒక మార్గదర్శిని ప్రకటించినది. దానికోసం ప్రపంచంలోని 33 నగరాలలో పెద్దలను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి వారి కష్టసుఖాలను వారి నోటనే విన్నారు. మన దేశం నుంచి ఢిల్లీ, ఉదయపూర్ ఆ జాబితాలో ఉన్నవి. ఐతే మన ఇండ్లలో “మీకు ఏమి కావలె?” అని అడిగితే “నాకేమి కావాలి నాయనా, ఉన్నది చాలు” అనే జవాబే వస్తుంది. కనుక అడగడంకంటె వెంట నడవడం మేలు.

ఈ వ్యాసం చదివినవారు ఒక పని చేయవచ్చును. ఒక సాయంత్రం తాతగారినో, అమ్మమ్మగారినో వెంటబెట్టుకొని దగ్గరి ఉద్యానవనానికో, గ్రంథాలయానికో వారి నడకలోనే నడవండి. వారు ఎక్కడ ఆగినారో, ఏ మెట్టు దగ్గర మీ భుజం పట్టుకున్నారో, ఏ బెంచీ నుంచి లేవలేకపోయినారో, ఎవరితో మాట కలిపినారో, ఎందుకు త్వరగా ఇంటికి పోదామన్నారో ఒక కాగితం మీద వ్రాసుకొనండి. ఇరుగుపొరుగు ఇండ్లవారు కూడ అట్లాగే వ్రాస్తే, పది కాగితాలు చేరుతవి. వాటిని పల్లెలో గ్రామసభ ముందు, పట్టణంలో వార్డు సభ్యుని ముందు పెట్టండి. ఒకేసారి అన్నీ జరగకపోవచ్చును. ఒక బెంచీకి చేతులు, ఒక మెట్టుకు రంగు, ఒక కుళాయి, మధ్యాహ్నం తెరచి ఉంచిన ఒక తలుపు, వీటితో మొదలు పెట్టవచ్చును. ఆ పని సాగే లోపల, ఇవాళ అరుగు మీద కనబడని పొరుగింటి పెద్దాయనను గురించి వారి ఇంటి తలుపు తట్టి అడగడానికి ఎవరి మంజూరూ అక్కరలేదు.